గూడు దాకా వేసిన దారి

అమెరికాలోని హెర్న్‌డన్‌లో పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు పట్టుకుని బతుకుతున్నవాడిని. ఆ జూన్‌లో సెలవు పెట్టి, పిట్టల గూళ్లు గమనించే పనికి వాలంటీరుగా అలాస్కా ఉత్తరపు కొసకి వెళ్లాను. మా బృందానికి పెద్ద, ఫ్రిస్కోలో పుట్టి పెరిగిన ఒక తెలుగమ్మాయి. పక్షుల మీద పరిశోధన చేస్తోంది. నన్ను అంకుల్ అంటూనే బండెడు చాకిరీ చేయించేది.

అక్కడ చెట్టన్నదే ఉండదు. పిచ్చుకంత పిట్టలు నేల మీదే, గడ్డి చాటున గూడు కట్టుకుంటాయి. మొదటి రోజే ఆ అమ్మాయి ఒకటికి పదిసార్లు చెప్పింది.

"గూడు దగ్గర ఆగకండి అంకుల్. చూస్తూ పాస్ అయిపోండి, వెనక్కి మాత్రం రావద్దు. నక్క మన స్మెల్ ఫాలో అవుతుంది. వెనక్కొస్తే ట్రెయిల్ గూడు దగ్గరే ఎండ్ అవుతుంది."

తలూపాను. మూడో రోజు పొద్దున మాత్రం, కొత్త చోట నాచు తొక్కి పాడుచేయడమెందుకని, ఒక గూడు దాకా వెళ్లి అందులోని అయిదు పిల్లల్నీ చూసి, వెళ్లిన అడుగుల్లోనే తిరిగొచ్చాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

గంట తర్వాత నక్క వచ్చింది. మేం దూరం నుంచి బైనాక్యులర్స్‌లో చూస్తున్నాం. ముక్కు నేలకానించి, సరిగ్గా నేను నడిచిన చోటే నడుస్తోంది.

"అంకుల్, మీరు సేమ్ రూట్‌లో బ్యాక్ వచ్చారా?"

అవునన్నట్టు తలూపాను. ఇంకో రెండు రోజులైతే ఆ పిల్లలు గూడు వదిలి గడ్డిలో దాక్కునేవి. మగపిట్ట నక్క తల మీదుగా ఎగురుతూ అరుస్తోంది. నక్క ఆగి పక్కకి చూసింది. పో, అటు పో అనుకున్నాను. మళ్లీ ముక్కు దించింది.

"మనం అబ్జర్వ్ చేయడానికే వచ్చాం. ఆపకూడదు," అంది ఆ అమ్మాయి.

నాకు ఒళ్లు మండింది. "నీ రూల్స్ నువ్వే ఉంచుకో!" అని అరుస్తూ పరుగెత్తాను. నాలుగు అంగలు వేయకముందే గడ్డిదిబ్బ తగిలి బురదలో బోర్లా పడ్డాను. లేచేసరికి నక్క మూతి నాక్కుంటూ వెళ్లిపోతోంది.

కాసేపటికి తల్లిపిట్ట ముక్కున పురుగుతో వచ్చి ఖాళీ గూటి పక్కన వాలింది. లోపలికి వంగి చూసింది. అటు తిరిగి, ఇటు తిరిగి మళ్లీ చూసింది.

ఆ అమ్మాయి నోట్‌బుక్ నా చేతికిచ్చింది. "గూడు ఎలా పోయిందో మీరే రాయండి అంకుల్."

నక్క అని రాశాను. తల్లిపిట్ట ఆ పురుగుని ఇంకా మింగలేదు. సిగ్గుతో చచ్చిపోతూ, నక్క అన్న మాట కొట్టేసి నా పేరు రాశాను.