కిడ్నీ అని చెప్పుకున్నాం

కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ మా ఉద్దానంలో ఎవరు పోయినా "కిడ్నీయా?" అని అడుగుతారు. అవునంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు. మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయినప్పుడు మేమూ అవుననే అన్నాం. ఆ జబ్బు పేరు పైకి అనడానికి నోరు రాలేదు. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి, నాకైతే అదే నిజమైపోయింది.

నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమస్తాను. మా అక్క నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేస్తుంది. నలభై దాటిన ఆడవాళ్ళు రొమ్ము పరీక్ష చేయించుకుంటే మంచిదని ఆఫీసులో అనుకుంటుంటే, ఏ బాధా లేకపోయినా శ్రీకాకుళం బయల్దేరాను. ఒక్కదాన్నే పోతానంటే అక్క ఒప్పుకోలేదు. పని మానుకుని వెంట వచ్చింది.

మామోగ్రామ్ రిపోర్టు చేతికి రాగానే గబగబా చదివి అక్కకు తెలుగులో చెప్పేశాను. గడ్డ ఏదీ కనబడలేదని ఉంది. కింద, రొమ్ము బాగా దట్టంగా ఉందని ఇంకో వాక్యం. ఇంగ్లీషు వచ్చిన మహాతల్లిని కదా, మొదటి వాక్యమే పట్టుకుని, "ఏమీ లేదక్కా, పద, బస్సు దొరుకుతుంది" అన్నాను.

అక్క కదల్లేదు. "ఆ రెండోది ఏటో అడిగి ఎల్దాం" అంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. దట్టంగా ఉండటం జబ్బు కాదు, చాలామందికి ఉంటుంది. ఎంత దట్టంగా ఉంటుందన్నది ఒంట్లో హార్మోన్లకు రొమ్ము స్పందించే తీరును బట్టి ఉంటుంది, ఆ తీరు కొంత పుట్టుకతో వచ్చిన జన్యువులను బట్టి ఉంటుంది, అమ్మ నుంచీ నాన్న నుంచీ వస్తుంది. దట్టంగా ఉంటే క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువ, అంతేగాని వచ్చి తీరుతుందని కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఫిల్ములో దట్టమైన భాగమూ తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది.

"ఉప్పుకుప్పలో తెల్లరాయి పడ్డట్టన్నమాట" అంది అక్క.

డాక్టరమ్మ నవ్వి, "మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?" అని నన్నడిగింది.

"లేదండీ. అమ్మ కిడ్నీతో పోయింది" అన్నాను. కాస్త తడుముకోనైనా లేదు.

గదిలో నర్సు ఉంది. తెరిచిన తలుపు దగ్గర, భార్యలతో వచ్చిన మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరికీ వినబడేలా అక్క అందుకుంది. "అబద్దం సెప్తావేటే? మాయమ్మ రొమ్ము కేన్సరుతోనే పోనాదండి. సిగ్గుపడి మేవే కిడ్నీ అని సెప్పుకున్నాం. రాసుకోండి."

నాకు తల కొట్టేసినట్టయింది. అక్క మీద ఒళ్ళు మండింది కూడా. డాక్టరమ్మ మాత్రం నవ్వు ఆపేసి, "అయితే స్కానింగ్ కూడా ఇవాళే చేయించండి" అంది.

స్కానింగ్‌లో గడ్డ కనబడింది, బఠాణీ గింజంత. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరే అని తేలింది. ఆపరేషన్ అయింది. నా తర్వాత అక్క కూడా పరీక్ష చేయించుకుంది. ఆమెకు ఏమీ లేదని తెలిసిన రోజు నేను బస్సులోనే ఏడ్చేశాను.

మొన్న చెకప్‌కి వెళ్తే కొత్త డాక్టరు నా ఫైలు తిరగేశాడు. "చాలా తొందరగా పట్టేశారే. ఎవరు చూశారమ్మా?" అన్నాడు.

పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని చూపించాను.

"మా అక్కండీ."