విత్తనాల గదిలో అప్పన్న స్వామి

మమ్మల్ని ఇంతకాలం చల్లగా కాచిన సింహాద్రి అప్పన్నకు ముందుగా నా నమస్కారం. గింజలో మొలకను దాచినవాడూ, ఆ గింజను తొలిచే పురుగుకు ప్రాణం పోసినవాడూ ఆయనే. ఆయన లీల ఎంచడానికి నేనెంతదాన్ని.

మొన్న రుషికొండ తీరాన మనవరాలికి మొక్కజొన్న పొత్తు కొనబోతే, అమ్మే మనిషి తొక్క ఒలిచి, కొసన దూరిన పురుగును కత్తితో చెక్కి పారేసి, పొత్తును నిప్పుల మీద పెట్టింది. నాకు మాత్రం డెబ్బైల చివర్లో కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన మేమున్న పెంకుటిల్లు కళ్ళముందు నిలిచింది.

మా ఊరి భూములు ఉక్కు కర్మాగారానికి పోయాక, నాన్న ధాన్యం గోదాముల్లో పనికి కుదిరి మమ్మల్ని అక్కడికి తెచ్చాడు. నాయనమ్మ ఊరినుంచి పట్టుపట్టి తెచ్చుకున్నవి రెండే, అప్పన్న స్వామి పటమూ మొక్కజొన్న విత్తనపు పొత్తులూ. చిన్నాన్న కౌలుకు తీసుకున్న పొలం చెక్కలో ఏటా ఆ గింజే వేసి, కొత్త విత్తనం ఆవిడకే అప్పగించేవాడు. విత్తనం స్వామి నీడనే ఉండాలన్నది మా ఇంటి ఆచారం గనుక, పొత్తులు దేవుడి గది వాసాలకే వేలాడేవి.

ఆ ఏడు చేలో పైరును కాండం తొలిచే పురుగు తినేయగా చేతికొచ్చిందే కాస్త. తొలకరి ముందు దానికీ ముక్కుపురుగు పట్టింది. పొత్తు కదిపితే పిండి రాలేది. అది పోతే మా ఊరి గింజ ఇంకెక్కడా లేదు. నాన్న గోదాముల్లో బస్తాలకు పెట్టే మందుబిళ్ళలు తెచ్చాడు. అవి విషపు గాలి వదులుతాయని, వారం దాకా ఆ గది తెరవకూడదని అందరికీ చెప్పాడు. బియ్యం, చింతపండు, ఊరగాయ జాడీలు బయటికి చేర్చారు. పటం దగ్గరికొచ్చేసరికి నాయనమ్మ అడ్డం నిలిచింది. ఊరు పోయినప్పుడు స్వామిని ఒకసారి కదిపాం, మళ్ళీ కదిపితే ఇంటికి నిలకడ ఉండదంది. ఆవిడ మాట దాటలేక నాన్న పటాన్ని లోపలే ఉంచి తలుపు మూస్తే, సందులకు మట్టి మెత్తింది కూడా ఆవిడే. అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు దీపాల వేళ వీధి నుంచి వస్తుంటే కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన కొట్టింది. మట్టి గీకేసి ఉంది, తలుపు తెరిచి ఉంది. నా కేక విని అమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని లోపలికి దూకి, నాయనమ్మను చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చింది. చేతిలో ప్రమిద అలాగే ఉంది, ఇంకా వెలిగించలేదు.

అరుగు మీద మంచంలో పడుకోబెట్టాం. డాక్టరు చూసి, రాత్రి గడిస్తే గాని చెప్పలేనన్నాడు. ఆవిడ వాంతులు చేసుకుంటూ, రొప్పుతూ, అమ్మతో ఒకటే మాట అంది.

"సామిని ఇసంలో కూకోబెట్టీసి నాను బయట బువ్వ తింటానేటే?"

మా వీధి భజన గోష్ఠి అంతా వచ్చి మంచం చుట్టూ కూర్చుని నామం అందుకుంది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న సంగతి విని, తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని గదిలోకి పోయి, పటం బయటికి తెచ్చి, తలుపు మూసి మళ్ళీ మట్టి మెత్తి, దాన్ని ఆవిడ తలాపున ఆనించాడు.

నాయనమ్మ కళ్ళు తెరిచి, "మల్లీ కదిపినావేట్రా?" అంది.

"నాను కదపలేదమ్మా. నువ్వు రాలేవని ఆయనే లేచొచ్చీసినాడు."

ఆవిడ పటం వంక చూసింది. అప్పుడు అమ్మ చేత దీపం పెట్టించుకుంది. తెల్లారేసరికి ఊపిరి కుదుటపడింది.

గింజ బతికింది, తొలకరికి మొలిచింది కూడా. కానీ తర్వాత కొన్నేళ్ళకే చిన్నాన్న కంపెనీ విత్తనాల సంచులకు మళ్ళాడు. వాటి దిగుబడి ముందు మాది నిలవలేదు. నాయనమ్మతోపాటే ఆ గింజా వెళ్ళిపోయింది. ఇప్పుడు సీతమ్మధారలో మా అబ్బాయి ఇంటి పూజగదికి పాలరాయి వేయించాడు. పురుగన్నది కనబడదు, దాచుకోవలసిన గింజా లేదు.

ఈ పూట మీ ఇంట దీపం పెట్టేటప్పుడు నాతోపాటు మీరూ ఒకసారి చేతులు జోడించండి. అప్పన్నా, విత్తనం దాచుకునే చేతులు ఎక్కడ మిగిలి ఉన్నా వాటిని చల్లగా చూడు తండ్రీ.