నిత్య వంతు

"...అలాగని నా కాఫీ ఒలికిపోతే అది మీ వల్ల ఎలాగవుద్దండీ? కప్పు నాది, చెయ్యి నాది, పాడైపోయింది నా డ్రెస్సు."

"నిన్న మీరు ఫోన్‌ల గట్టిగ మాట్లాడుతుంటే నాకు తలనొచ్చింది ఫ్లోరెన్స్ గారూ. ఈమెకు ఏదన్న అడ్డం పడితే బాగుండు అనుకున్న. అనుకున్నది నేనే కద. సారీ."

"అంటే నా కాఫీ నేను ఒలకబోసుకోడానిక్కూడా పనికిరానేటండి?"

గదిలోకి వస్తున్న రాజగోపాల్ తల తిప్పి చూడలేదు. వారంలో ఒకసారైనా వినే గొడవే అది. మనుషులు మారతారు, ఒలికే వస్తువు మారుతుంది, సారీ మాత్రం నిత్యదే.

నిత్యకున్న అలవాటు ఒక్కటే. చుట్టుపక్కల ఎక్కడ ఏ చెడు జరిగినా అందులో తన వంతు ఎంతుందో వెతుక్కుంటుంది, దొరికితే వెళ్ళి క్షమాపణ చెబుతుంది. చేసిన తప్పులకైతే అందరూ చెబుతారు, కనీసం పట్టుబడ్డప్పుడు. ఆమె మనసులో అనుకున్నవాటికి కూడా చెప్పేది. దాంతో కువైట్‌లో షర్క్ అనే పేటలోని ఆ ఆఫీసులో ఒక కొత్తరకం భయం పుట్టింది. నిత్య ఎదురుగా వచ్చి సారీ అనగానే అవతలివాళ్ళు ముందు తమకేం జరిగిందోనని ఒళ్ళంతా తడుముకునేవాళ్ళు.

వాళ్ళ కంపెనీ బయటి దేశాల నుంచి ఐస్‌క్రీమూ వెన్నా తెప్పించి కువైట్‌లోని దుకాణాలకు సరఫరా చేస్తుంది. ఆఫీసు షర్క్‌లో, కోల్డ్ స్టోరేజి షువైఖ్ పారిశ్రామికవాడలో. విజయవాడ మనిషి రాజగోపాల్ అక్కడ ఆపరేషన్స్ మేనేజరు. కంప్యూటర్ల పనికి హైదరాబాద్ నుంచి నిత్యను ఎంపిక చేసి తెచ్చింది ఆయనే. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనిచ్చేవాడు కాదు. తెలుగువాళ్ళ సమావేశాల్లో ఆమెను పరిచయం చేసేటప్పుడు "మా నిత్య" అని, ఒక్క క్షణం ఆగి, అవతలివాళ్ళ ముఖాల్లో తగినంత గౌరవం కనిపించాకే మిగతా వాక్యం మొదలుపెట్టేవాడు.

ఆమె చేరిన కొత్తలో బల్ల మీద ఒక కొవ్వొత్తి, నున్నటి రాయి, పుదీనా కుండీ చూసి, ఇదేం పూజమ్మా అని అడిగాడాయన. విక్కా అందామె. ఫోన్‌లో వెతికి చూస్తే మొదటి వరుసలోనే మంత్రగత్తెలన్న మాట కనపడింది. ఆయన లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"క్షుద్రవిద్యా అమ్మా?"

"కాదు సర్. చెట్లు, చంద్రుడు, రుతువులు, వీటిని కొలుస్తం. ఎవ్వరికీ హాని చెయ్యకుంట బతకమంటది. మనం పంపింది మంచైనా చెడైనా మూడింతలై మనకే తిరిగొస్తదని చానామంది నమ్ముతరు."

"మరి సైతాను గియితాను?"

"మా దాంట్ల సైతాన్ లేడు సర్."

"హమ్మయ్య."

"హమ్మయ్య కాదు సర్. తప్పు చేస్తే తోసెయ్యనీకి ఎవ్వరూ ఉండరు."

ఈ దేశంలో మంత్రాల మాట పైకొస్తే పోలీసుల దాకా పోతుందనీ, ఆ పేరు ఆఫీసులో ఎత్తొద్దనీ చెప్పాడు. తనంతట తాను ఎత్తననీ, ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పననీ ఆమె మాటిచ్చింది. అప్పట్నుంచి ఎవరూ అడగకుండా చూసే పని రాజగోపాల్ మీద పడింది. మా నిత్య ప్రకృతి ధ్యానం చేస్తుందని ఆయన అందరికీ తనే ముందుగా చెప్పేవాడు.

రిసెప్షన్‌లో కూర్చునే ఫ్లోరెన్స్‌ది రాజోలు. ఆమె భర్త జాన్ పాల్ షువైఖ్‌లో గోదాము చూసుకుంటాడు. ధ్యానమో ఏదో, ఆ కొవ్వొత్తి వాలకం ఫ్లోరెన్స్‌కు నచ్చలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, నిత్య కుర్చీకి నూనె రాసి ప్రార్థన చేసింది. నిత్య వచ్చి, ఆ నూనె మీదే కూర్చుని, విషయం తెలుసుకుంది. తనకోసం కోరుకునేటప్పుడు తనను అడగకపోవడం తప్పనీ, అయినా ఉద్దేశం మంచిది కాబట్టి ఇకమీదట రోజూ చేసుకోవచ్చనీ చెప్పింది. నూనె మాత్రం కొంచెం తగ్గించమంది. అనుమతి దొరికాక ఫ్లోరెన్స్‌కు ఆ ప్రార్థన మీద ఉత్సాహం పోయింది. స్నేహం అక్కడ మొదలైంది.

అవును మరి, ఎదుటివాళ్ళకు మంచి కోరుకోవాలన్నా నిత్య ముందు అనుమతి అడిగేది. పుట్టినరోజు శుభాకాంక్షలకూ అంతే. టీలోకి ఆకు కోసేముందు పుదీనా మొక్కను కూడా అడిగేది. ఒక్కోసారి ఆఫీసంతా కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా, ఇవ్వాళ దానికి ఇష్టం లేనట్టుంది అని వచ్చి కూర్చునేది. అందరూ పాలపొడి టీ తాగేవాళ్ళు.

రాజగోపాల్ కొడుకు కౌశల్ పరీక్షలప్పుడూ ఇదే తంతు. అబ్బాయికి మంచి మార్కులు రావాలని కోరుకో అమ్మా అని తండ్రి అడిగితే, పిల్లవాడి అనుమతి కావాలని ఫోన్ కలపమంది. కౌశల్ తెలివైనవాడు. ఫిజిక్స్ తను చదివేశాననీ, లెక్కలకు మాత్రం కోరుకోమనీ చెప్పాడు.

"చదవకపోతే నా కోరిక దేనిమీద నిలబడతది తమ్మీ? చదివినంక ఫోన్ చెయ్యి."

కుర్రాడు చదివాకే ఫోన్ చేశాడు. ఆ మార్కుల్లో ఆమె వంతు ఎంతన్న చర్చ ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఇక కారు సంగతి. ఒక వేసవిలో, ఆమె రోజూ కారు పెట్టుకునే చోట పక్క ఆఫీసు మనిషి అడ్డంగా పెట్టి పోయాడు. వీడి టైరు పంక్చరైపోను అనుకుంది నిత్య. అయింది. ఆ మండుటెండలో వెళ్ళి అతన్ని పిలుచుకొచ్చి, అనుకున్నది తనేనని చెప్పి, జాకీ పట్టి టైరు మార్చింది. ఆ మనిషి వణికిపోయి, ఇక ఆ చోటు జోలికి రానన్నాడు. దాంతో ఆమెకు కొత్త చిక్కొచ్చింది. చెడు కోరుకుని లాభం పొందడం తప్పు కాబట్టి, ఆ ఖాళీ చోటు వదిలేసి రెండు వీధుల అవతల కారు పెట్టి ఎండలో నడిచి వచ్చేది. ఆ చోటు ఖాళీగానే ఉండేది, ఇద్దరూ దానికి దూరంగా ఉండేవాళ్ళు. మొన్నటి దుమ్ముతుఫాను కూడా మీదేనాండి అని ఫ్లోరెన్స్ వేళాకోళం చేస్తే, నిత్య కాసేపు నిజంగానే ఆలోచించి, లేదు, అప్పుడు నిద్రపోతున్న అంది.

ఇలాంటి మనిషి కువైట్ మొత్తంలో తమ ఆఫీసులోనే ఉందని రాజగోపాల్ గర్వం. ఆ గర్వానికి ఆగస్టులో పరీక్ష వచ్చింది.

శుక్రవారం సాయంత్రం తెలుగువాళ్ళ కార్యక్రమంలో రాజగోపాల్ పాట పాడుతున్నాడు. ఆయన పాడటం మొదలుపెడితే చరణాలన్నీ పూర్తికావలసిందే. రెండో చరణంలో జేబులో ఫోన్ మోగింది. షువైఖ్‌లో ఐస్‌క్రీమ్ గది వేడెక్కుతోందని అలారం. ఆయన ఫోన్ బయటికి తీసి, రాగం వదలకుండా, తెర చూడకుండా, బొటనవేలితో నొక్కి ఆపేశాడు. అలారం ఆయన ఫోన్‌కూ జాన్ పాల్ ఫోన్‌కూ ఒకేసారి వస్తుంది. ఒకరు ఆపితే రెండోవారిదీ ఆగిపోతుంది. అవతల ఇంట్లో ఉన్న జాన్ పాల్, ఫోన్ ఒక్కసారి మోగి ఆగేసరికి, సార్ చూసుకున్నారనుకున్నాడు.

మర్నాడు గోదాము తలుపు కింద నుంచి గులాబీ రంగు వాగు పారింది. వెనకే పసుపు రంగుది, మామిడిపండుది. షువైఖ్ గ్యారేజీల్లో ఎన్ని పిల్లులున్నాయో ఆరోజు లెక్క తెలిసింది. అవి తాగీ తాగీ నడవలేక అక్కడే పడుకున్నాయి.

కంపెనీ యజమాని కువైటీ పెద్దాయన. అందరూ ముదీర్ అంటారు. ఆయన ఫోన్ చేసి, ఎవరు చూసుకోవాలి ఆ గదిని అని అడిగాడు. అప్పటికి ఫోన్ తీసి చూసుకున్న రాజగోపాల్‌కు తన బొటనవేలు చేసిన పని తెలిసిపోయింది. అయినా, గోదాము జాన్ పాల్ చూసుకుంటాడు అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ ఒక్క వాక్యం చాలింది. సోమవారం అందరినీ కూర్చోబెట్టి మాట్లాడి, ఇక్కడ ఉండటానికి జాన్ పాల్‌కున్న అనుమతి, ఇఖామా, రద్దు చేసి ఇంటికి పంపేస్తారన్న కబురు ఆదివారానికే ఆఫీసంతా పాకింది.

ఫ్లోరెన్స్ ఆరోజు ఎవరితోనూ గొడవపడలేదు. నిత్య దగ్గరికొచ్చి, ఈసారి అడగక్కర్లేదండి, మా గురించి ఏం కోరుకుంటారో కోరుకోండి అంది. నిత్య అయినా జాన్ పాల్‌కు ఫోన్ చేసి అడిగింది. తర్వాత రాజగోపాల్ గదికి వచ్చింది.

"సర్, మీకోసం ఒకటి కోరుకోవచ్చా?"

"నాకెందుకమ్మా? జాన్ పాల్ కోసం కోరుకో."

"ఆయన ఒప్పుకున్నడు సర్. మిమ్మల్నే అడగాలె."

"ఏం కోరుకుంటావు?"

"మీకు మంచిగ నిద్ర పట్టాలని."

శుక్రవారం ముందు వరసలో కూర్చున్నది ఆమేనని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ముఖం ఫైళ్ళలో పెట్టుకుని, సరే పో అన్నాడు.

"సరే అన్నట్టా, పో అన్నట్టా సర్?"

"సరే."

సోమవారం ముదీర్ బల్లకు ఆ చివర, జాన్ పాల్ ఈ చివర. కంప్రెసర్ బాగుచేసే మనిషి ఎండను తిట్టాడు. కరెంటు చూసే మనిషి కంప్రెసర్‌ను తిట్టాడు. జాన్ పాల్ మాత్రం ఫోన్ ఒక్కసారే మోగిందని మూడుసార్లు చెప్పి ఊరుకున్నాడు. అప్పుడు నిత్య లేచి నిలబడింది. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. శుక్రవారం రాజగోపాల్ గారు పాడుతుంటే, రెండో చరణం దగ్గర, దేవుడా ఏదన్నా జరిగి ఈ పాట ఆగిపోతే బాగుండునని తాను గట్టిగా కోరుకున్నానని చెప్పింది. పాట ఆగలేదనీ, ఆగింది ఐస్‌క్రీమ్ గది యంత్రమనీ, అందుకు అందరికీ క్షమాపణలనీ అంది.

మొదట నవ్వింది కంప్రెసర్ మనిషి. తర్వాత ముదీర్. ఎంత గొప్పగా పాడతాడో నేనొకసారి వినాలి అన్నాడాయన. కిందికి చూస్తూ కూర్చున్న జాన్ పాల్ కూడా నవ్వాడు. గదిలో నవ్వనిది రాజగోపాల్ ఒక్కడే.

నిత్య కూర్చోలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, ఇది రెండోది అంది. అలారం అమర్చింది తనేననీ, ఒకరు ఆపితే ఇద్దరికీ ఆగిపోయేలా పెట్టడం తన పొరపాటనీ చెప్పింది. దానికి కంపెనీ ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటానంది. ముదీర్ నవ్వు మానేసి ఆమె వైపు చూశాడు. మరి మిగతా తప్పు ఎవరిదని అడిగాడు.

"నా వంతు ఇంతే. మిగతాది నేను మోస్తే అది దొంగతనం అవుతుంది" అని కూర్చుని, కిటికీలోంచి బయటి ఎండను చూస్తూ ఉండిపోయింది. రాజగోపాల్ వైపు కన్నెత్తలేదు.

ఆమె ఒక్క మాట చెబితే రాజగోపాల్ పని అయిపోయేది. శుక్రవారం చూసినప్పట్నుంచీ ఆ మాట ఆమె దగ్గరే ఉంది. దాన్ని ఆయనకోసమే ఉంచింది. రాజగోపాల్‌కు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. కాఫీ గొడవ అయ్యాక, ఫోన్‌లో గట్టిగా మాట్లాడటం నాదీ తప్పేలెండి అని ఫ్లోరెన్స్ గొణిగిన మాట. టైరు మార్చాక, అడ్డంగా పెట్టింది నేనే కదా అన్న పక్క ఆఫీసు మనిషి. ముందుగా వెళ్ళి నవ్వులపాలయ్యే పని ఆమె చేసేది. తర్వాత వచ్చేవాడికి ఇక అంత సిగ్గుండేది కాదు. ఇన్నాళ్ళూ అందరూ దాన్ని పిచ్చి అనుకున్నారు, తనతో సహా. మా నిత్య అని ఇన్నిచోట్ల చెప్పుకున్నాడు గాని, ఎందుకు చెప్పుకోవాలో ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఛాతీ పొంగింది, అదే సమయంలో చెవులు కాలిపోయాయి.

ముదీర్ ముందున్న కాగితం దగ్గరికి లాక్కుని, జాన్ పాల్ పూర్తి పేరు అడిగి, పెన్ను మూత తీశాడు.

రాజగోపాల్ లేచి నిలబడ్డాడు.

"ఆగండి. అలారం ఆపింది నేను. ఫోన్ చూడకుండానే నొక్కాను. జాన్ పాల్ ఎక్కడికీ వెళ్ళడు. పంపాల్సి వస్తే నన్ను పంపండి."