వచ్చే మెయిళ్లు, పోని మెయిళ్లు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట: కొత్తవాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఏమనాలో ముందే డైరీలో రాసుకుని వెళతాను.

తెనాలిలో మా ఇంటి నుంచే రేపల్లె ప్రెస్సుకు పుస్తకాలు టైపు చేసి పంపుతుంటాను. పోయిన ఏడాది ఒకరోజు మెయిళ్లు వస్తున్నాయి గానీ నావి పోవడం లేదు. "సాయంత్రంలోగా పంపకపోతే ఈ పని వేరేవాళ్లకిస్తాం" అన్నారు ప్రెస్సువాళ్లు. ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటర్నెట్ ఆపరేటర్ ఆఫీసుకు వెళ్లి సంగతి చెప్పాను.

"నీ కంప్యూటరే పాడైందమ్మా. కనెక్షన్ మీ నాన్నగారి పేరున ఉందిగా, ఆయన్ని రమ్మను" అన్నాడు ఆపరేటర్ తలెత్తకుండానే. అక్కడున్నవాళ్లు నవ్వారు. రాసుకున్న మిగతా మాటలన్నీ మరిచిపోయాను. ల్యాప్‌టాప్ ఆయన బల్లమీదే పెట్టి, నా ఫోన్ నెట్‌తో మెయిల్ పంపాను. పోయింది. ఆయన వైఫైకి మార్చి మళ్లీ పంపాను. ఆగిపోయింది.

"కంప్యూటర్ బాగానే ఉందండి. ఆపింది మీరు."

"మా లైన్లలోంచి ఎవరో చెత్త మెయిళ్లు పంపుతున్నారని అందరికీ ఆపేశాం. నీది పోయిందిగా, ఇక ఇంటికెళ్లు."

"నేను రోజూ పంపాలండి. తెరిచేదాకా లేవను" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సిగ్గరినైనంత మాత్రాన ఊరుకోనక్కర్లేదని ఆ అరగంటలో తెలిసింది.

చివరికి లైను తెరిచి చేతులు జోడించాడు: "ఇప్పుడు పోతాయి. మామీద కంప్లైంటు మాత్రం పంపకు తల్లీ!"