ఓబులేసు ట్రాక్టరు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిద్ర పట్టనివ్వని బరువేమీ కాదు, బాగానే నిద్రపోతాను. పొద్దున లేచి షెడ్డు తలుపు తీయగానే మళ్లీ మీద పడుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే ఈ జన్మలో చెప్పలేను.

ఉరవకొండ దగ్గర నాది ట్రాక్టర్ల రిపేరు షెడ్డు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బోర్లు ఎండిపోయి, మీ వైపు బత్తాయి అంటారే, ఆ చీనీ తోటల రైతులు ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకుంటున్నారు. ఓబులేసుకు వాళ్ల నాయన కొన్న పాత ట్రాక్టరు ఉండేది. దాంతోనే తన తోటకు నీళ్లు తోలుకుని, మిగిలిన పొద్దంతా ఊళ్లోవాళ్ల తోటలకు బాడుగకు తోలేవాడు. ఒకరోజు అది పొగ కక్కుతూ నా షెడ్డుకు వచ్చింది.

పెద్ద స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినడం మా పద్ధతి. లోపల ఏది అరిగిందో, ఏది గట్టిగా ఉందో ఆ శబ్దంలోనే తెలిసిపోతుంది. నేను వింటున్నంతసేపూ ఓబులేసు నా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, దుడ్లు పెడితే నిలబడతాదా, లేదా? నువ్వేమంటే అదే."

"నిలబడదప్పా. ఎంత పెట్టినా ఈ ఎండాకాలం దాటదు. ఇడిసిపెట్టు."

"అట్లనే అన్నా. నీకు తెలియంది నాకేం తెలుస్తాది."

ఇంజనులో నేను విన్నది అది కాదు. లైనర్లు, రింగులు అరిగాయి, నిజమే. ఖర్చు పెద్దదే, అదీ నిజమే. కానీ మిగతా ఇంజను గట్టిగా ఉంది. ఆ ఖర్చు పెట్టి ఉంటే ఇంకా ఎన్నో ఏళ్లు నడిచేది. మరెందుకలా అన్నాను? నా బావమరిది కంతుల మీద కొత్త ట్రాక్టరు తెచ్చి ఇంటి ముందు నిలబెట్టుకున్నాడు. ఓబులేసు బండి తిరుగుతున్నంతకాలం వాణ్ని నీళ్లకు పిలిచేవాళ్లు లేరు. నా భార్య రోజూ తమ్ముడి గురించి దిగులుపడేది. ఇప్పుడు ఆమె పేరు చెప్పి తప్పించుకుంటున్నానా? అబద్ధమాడమని ఆమె అడగలేదు. నేనే ఆడాను, నా మాట ఓబులేసు కాదనడని తెలిసే ఆడాను.

బండి పాత ఇనుముకు పోయింది. బావమరిదికి చేతినిండా పని దొరికింది. ఓబులేసు కొన్నాళ్లు బాడుగ ట్యాంకరు తోలించుకుని, ఆపైన చేతులెత్తేశాడు. చీనీ చెట్లు కాయలతో సహా ఎండిపోయాయి. వాటిని కట్టెలకు నరికిస్తుంటే ఆ దారిన పోలేక చుట్టూ తిరిగి ఇంటికి వెళ్లాను.

ఆయుధపూజ నాడు షెడ్డులో బండ్లన్నీ కడిగి బొట్లు పెడుతున్నాం. ఓబులేసు వచ్చాడు, చేతిలో ఆ ట్రాక్టరు స్టీరింగు. అదొక్కటే ఇనుముకు వేయకుండా ఉంచుకున్నాడట. ఏటా పూజ నా దగ్గరే చేయించేవాడు కాబట్టి మానబుద్ధి కాలేదట. ఈ చేతులతోనే దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. తర్వాత పెళ్లాం బిడ్డలతో బెంగళూరుకు పనికి పోతూ దాన్ని నా దగ్గరే వదిలివెళ్లాడు.

అది ఇప్పటికీ నా షెడ్డు గోడకే వేలాడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఏటా బొట్టు పెట్టేటప్పుడు ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇవాళ అనేస్తున్నాను. ఓబులేసూ, నీ బండి బాగయ్యేది. ఆ రోజు నాకు వినపడింది అదే.