చెప్పులు ఎదురొచ్చిన రోజు

మా తాకేటా పేటలో వీధికీ వాగుకీ మధ్యనున్న స్థలాన్ని ఎవరో మట్టి పోసి ఎత్తు చేసేశారు. అప్పట్నుంచీ వాన నీళ్లన్నీ మా ఇళ్లలోకే. పోయిన వానాకాలం గుడి హాల్లో మీటింగు పెడితే, చౌక్తడాలోని నగరపాలక ఆఫీసు నుంచి ఇంజనీరొకాయన వచ్చాడు. మన తెలుగాయనే.

"వాలు కొలతలు కంప్యూటర్లో వేశామమ్మా. నీళ్లు వాగు వైపే పోతాయి" అని తెర మీద పటం చూపించాడు.

"అవి మట్టి పొయ్యకముందు కొలతలు కదా బాబూ" అన్నాను.

"పెద్ద తేడా రాదు" అన్నాడు.

బయట జోరున వాన. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులన్నీ తేలుకుంటూ లోపలికొచ్చి తెర కింద చేరాయి. మా అత్త ఆయన చెప్పు తీసి చేతికిచ్చి, "ఏటి బాబూ, ఇది వాగుకెళ్లాల కదా?" అంది.

అందరూ నవ్వారు, నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆయన చెప్పు తుడుచుకున్నాడు గానీ పటం మార్చలేదు. ఈ వానాకాలం కూడా ఆ పటంలో మా ఇల్లు పొడిగానే ఉంది.