కైలాసం తెల్లచొక్కా

కొత్తవాడలో కైలాసాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన 'సేటు'. సేటంటే బంగళాలు, దుకాణాలు ఉన్నాయనుకునేరు! ఉన్నవి దర్రీలు, అంటే జంపఖానాలు, నేసే రెండు మగ్గాలు, ఒక తెల్లచొక్కా. ఆ చొక్కా పుణ్యాన వచ్చిన పేరది.

ఇరవై రెండేళ్ల వయసులో మొదటిసారి దర్రీల మూటతో డోర్నకల్ వెళ్లాడు. మగ్గం మీంచి లేచినవాడు లేచినట్టే వెళ్లాడు మహానుభావుడు, నెత్తినిండా దూది పీచు, గోళ్లనిండా రంగు. టెంటు హౌసు యజమాని సరిగా తలెత్తి కూడా చూడలేదు.

"మూట ఆడ దించు. మీ సేటు ఎప్పుడొస్తడు?"

"సేటెవరు లేరు. నేనే నేసిన."

"సరే తియ్, మీ సేటునే రమ్మను."

మూట విప్పకుండానే మళ్లీ రైలెక్కింది.

సంగతి విని భార్య అనసూర్య పెట్టెలోంచి పెండ్లిచొక్కా తీసింది. ఇత్తడిచెంబులో నిప్పులు పోసి మడత నలగకుండా ఇస్త్రీ చేసింది. "మగ్గం కాడ ఎట్లనన్న ఉండు. మూట ఎత్తినవంటే మాత్రం పెండ్లికొడుకోలె ఉండాలె" అంది. గడప దగ్గర ఆపి, చెయ్యి తడుపుకుని అతని భుజాల మీద రాసింది. పీచంతా ఆమె అరచేతికి అంటుకుంది. "ఇగ పో" అంది.

ఈసారి అదే యజమాని కుర్చీలోంచి లేచాడు. "రండ్రి సేటు, చాయ్ తాగుతరా?" అవే దర్రీలు, అదే మనిషి! కైలాసానికి నవ్వాగలేదు. కానీ నేను సేటును కాదని చెప్పనూ లేదు.

ఎంత మంచి రోజులవి! తెల్లారి ప్యాసింజరు, కిటికీ పక్కన సీటు, నెక్కొండ దాటేసరికి ఆరిపోయే భుజాల తడి. ముప్పై ఏళ్లు ఆ తడి లేకుండా ఆయన మూట ఎత్తలేదు.

ఒక్కటే రోజు గుర్తొస్తే ముద్ద దిగదు. ఆ రోజు మూటలు రెండయ్యాయని తండ్రి కట్టయ్య కూడా డోర్నకల్ వచ్చాడు, మాసిన ధోవతితో, తలనిండా పీచుతో. యజమాని అడిగాడు: "ఈ ముసలాయనెవరు సేటు?"

"మా మగ్గం మీద పనిచేస్తడు" అనేశాడు కైలాసం.

అబద్ధమేం కాదు. ఆ మగ్గం పెట్టిందీ, కైలాసానికి నేత నేర్పిందీ ఆయనే. బేరం తెగేదాకా కట్టయ్య తలుపు పక్కన గంటసేపు నిలబడే ఉన్నాడు. తిరుగు రైల్లో ఒక్క మాటే అన్నాడు: "చొక్కా నీకు మంచిగున్నది బిడ్డా." మరుసటి వానాకాలం చూడకుండానే పోయాడు. ఆ సంగతి కైలాసం ఎవరికీ చెప్పలేదు. అనసూర్యకు కూడా.

ఇప్పుడు అనసూర్య లేదు. టెంటు హౌసులన్నీ ప్లాస్టిక్ చాపలకు మరిగాయి. ఒక మగ్గం ఆగిపోయింది. హనుమకొండలో కొత్తగా కడుతున్న హోటలుకు ఎనభై దర్రీలు కావాలని తెలిసింది. ఆ బేరం దొరక్కపోతే రెండో మగ్గమూ ఆగుతుంది, కొడుకు సుదర్శన్ ఏ మాల్‌లోనో వాచ్‌మన్‌గా నిలబడాలి. సుదర్శన్ మగ్గం కాడ పులే, నోరు తెరిస్తే మాత్రం నత్తి. అందుకే కోడలు మహిత బయలుదేరింది, నీలం చీర కట్టుకుని. మూట మొయ్యడానికి కైలాసం తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

గడప దగ్గర ఆమె భుజం మీద పీచు కనిపించింది. అలవాటు కొద్దీ చెయ్యి తడుపుకున్నాడు. కోడలిని మామ ఎట్లా తాకుతాడు? ఆ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. మహితకు అర్థమైంది. "అత్తమ్మ ఉంటే తుడుస్తుండె గదా మామయ్యా" అని తనే తుడుచుకుంది.

హోటలు మేనేజరు కుర్రవాడు, టై కట్టుకున్నాడు. మహిత తడబడకుండా మాట్లాడుతోంది. కైలాసం మూట విప్పి దర్రీలు ఒక్కొక్కటీ దులిపి పరిచాడు. లేచేసరికి తెల్లచొక్కా అంతా పీచు.

మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఈయనెవరు మేడం?"

మహిత నోరు తెరవకముందే కైలాసం అందుకున్నాడు. "వీళ్ల మగ్గం మీద పనిచేస్త సార్." పిల్ల పరువు పోవద్దు, బేరం చెడొద్దు అంతే.

మహిత ఒక్క క్షణం ఆయన వంక చూసింది. బల్ల మీది సీసాలో నీళ్లతో చెయ్యి తడుపుకుని దగ్గరికొచ్చింది. మేనేజరు చూస్తుండగానే మామగారి రెండు భుజాల మీదా నిదానంగా రాసింది.

"మా మామయ్య సార్. మీరు చూస్తున్నయన్ని ఈయన నేసినయే."

మేనేజరు లేచి కుర్చీ జరిపాడు. "అయ్యో, కూర్చోండి పెద్దాయనా. ఈ అంచు ఎట్లా వేశారో జర చెప్పండి. ఇట్లాంటివే ఎనభై కావాలి."

కైలాసం కుర్చీ వంక చూస్తూ నిలబడే ఉన్నాడు. భుజాల మీద తడి చల్లగా తగులుతోంది.

"కూసోండ్రి మామయ్యా" అంది మహిత.

డోర్నకల్‌లో ఆ గంటసేపట్లో నాయినతో తను అనలేకపోయింది ఆ ఒక్క మాటే. కైలాసం కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు.